చచ్చినాయన నడక

స్టూడియోలో అందరూ అతన్ని నత్త అనేవాళ్ళు. ఎదురుగా ఉంటే నత్తగారు, వెనకాల ఉత్త నత్త. పేరు పెట్టినవాడెవడో గాని సరిగ్గానే పెట్టాడు. అసలు బొమ్మల సినిమాలు తీసేచోట ఎవరి పనీ పరుగులు పెట్టదు. జానెడు బొమ్మని బల్ల మీద నిలబెట్టి, వెంట్రుకవాసి కదిపి, ఒక ఫొటో తియ్యాలి. మళ్ళీ వెంట్రుకవాసి కదిపి ఇంకో ఫొటో. అలాంటివి ఇరవై నాలుగు తీస్తే తెర మీద ఒక్క సెకను గడుస్తుంది. మిగతావాళ్ళు రోజుకి నాలుగైదు సెకన్లు తీస్తుంటే ఇతను చచ్చీ చెడీ రెండు తీసేవాడు. కాని ఆ రెండు సెకన్లూ చూశాక మిగతావాళ్ళవి చూస్తే అవి బొమ్మలని ఇట్టే తెలిసిపోయేది. అందుకే ముప్ఫై ఏళ్ళుగా అతని మీద విసుక్కున్నవాళ్ళే గాని పనిలోంచి తీసేసినవాళ్ళు లేరు.

స్టూడియో అంటే ఏదో ఊహించుకోనక్కర్లేదు. అది ఒకప్పటి గోడౌను. కిటికీలకి నల్లగుడ్డలు కొట్టి, మధ్యమధ్య చెక్కలు అడ్డం పెట్టి గదులు చేశారు. నేల అదిరితే బల్ల అదురుతుంది, బల్ల అదిరితే పొద్దుటి నుంచి చేసిన పనంతా గంగపాలు. కాబట్టి నత్త గది ముందు అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు. డైరెక్టరు కూడా అంతే.

చెప్పులు టకటకలాడించుకుంటూ తిన్నగా లోపలికి వచ్చే మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ కుట్టుగదిలో బొమ్మలకి బట్టలు కుట్టేది. గోరంత జేబులు, ఆవగింజంత గుండీలు. స్టూడియోలో ఆవిడ పేరు సూది. అది పనికి పెట్టిన పేరా, నోటికి పెట్టిన పేరా అంటే రెండింటికీ సరిపోయింది. మొదటిసారి నత్త గదిలోకి వచ్చినప్పుడే ఒక బొమ్మని అతని ముఖం ముందు ఊపి, "చంక దగ్గర మూడుసార్లు చిరిగింది. నా కుట్టు గట్టిదే. నీకే చెయ్యి ఎత్తడం రాదు. ముందు భుజం లేస్తుంది, తరవాత చెయ్యి. నీ చెయ్యి నువ్వెప్పుడూ చూసుకోలేదా?" అని కడిగేసింది. అతను ఆ సాయంత్రమంతా అద్దం ముందు చెయ్యి ఎత్తి దించి చూసుకున్నాడు. ఆవిడ చెప్పింది నిజమే. ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయ్యాక కూడా ఆవిడ "నువ్వు" అనడం మానలేదు. పిల్లలు లేరు. నాలుగు వీధుల అవతల ఆవిడ అక్క ఉండేది. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న పెద్దమనిషి, మాటకి భోళా, నవ్వొస్తే ఆపుకోలేదు. నత్త ఆవిడని వదినగారూ అనేవాడు, ఆవిడ మరిదిగారూ అనేది.

ఇరవై రెండేళ్ళ కాపురం తరవాత ఆ సినిమా వచ్చింది.

డైరెక్టరు ముప్ఫై దాటని మనిషి. ఒక నవల పట్టుకుని వచ్చి, తలొక కాపీ పంచి, చదివి రమ్మన్నాడు. నవల్లో ఒక రిటైరైన గుమస్తా ఉంటాడు. ఏటా ఒకసారి ఆఫీసుకి వెళ్ళి, తను బతికే ఉన్నానని సర్టిఫికెట్ తెచ్చుకుంటే గాని ఆయనకి పెన్షన్ రాదు. ఆ ఏడు వరసలో నిలబడి నిలబడి, నిలబడ్డచోటే ప్రాణం పోతుంది. ఆ సంగతి వెనకున్నవాళ్ళకి తెలుస్తుంది. తెలిసినా ఎవరూ నోరెత్తరు. శవం ఉందంటే ఆఫీసు మూసేస్తారు, మళ్ళీ రేపు పొద్దున్నే మొదటినుంచీ నిలబడాలి. అందుకని ఆయన్ని ముందున్నవాడి వీపుకి ఆనించి, వరస కదిలినప్పుడల్లా తలో చెయ్యీ వేసి ముందుకి తోస్తారు. "ఆయన పోయాడు గాని ఆయన వరస పోలేదు" అని రాసింది నవల్లో. చివరికి కిటికీ లోపలున్న ఆఫీసు గుమస్తా తలెత్తకుండానే ముద్ర కొడతాడు, ఈయన బతికే ఉన్నాడని. కాయితం మీద బతికున్నవాణ్ణి పాతిపెట్టడం ఇంటిల్లిపాదికీ ఎంత కష్టమో, అది మిగతా కథ.

ఆ వరసలో చచ్చినాయన నడక నలభై సెకన్లు. దాన్ని నత్తకి ఇచ్చారు.

"సార్, ఈ నలభై సెకన్లకీ జనం నవ్వకపోతే మిగతా గంటన్నరా మనం శవాన్ని మోసినట్టే" అన్నాడు డైరెక్టరు.

చచ్చినాయన కోటు సూదే కుట్టింది. బొమ్మకి బరువుండదు. మామూలు గుడ్డ వేస్తే అట్టముక్కలా నిలబడుతుంది, మడత పడదు. ఆవిడ కోటు అంచులోపల సన్నటి సీసపు పూసలు పెట్టి కుట్టింది. భుజం వంగితే కోటు నిజం కోటులా జారి వేలాడుతుంది. తెచ్చి బల్ల మీద పెట్టి, "నా కోటు పడుతుంది. మనిషి పడ్డం నీ చేతుల్లో ఉంది, నీ టైము నువ్వు తీసుకో, ఎలాగూ తీసుకుంటావు" అంది.

నాలుగో రోజు పొద్దున కుట్టుగదిలో ఆవిడ చేతిలోంచి కత్తెర జారింది. వంగి తీసుకోబోయింది, కుడిచెయ్యి రాలేదు. పక్కనున్న అమ్మాయిని ఏదో తిట్టబోతే నోట్లోంచి మాటలు ఒకదాని బదులు ఇంకొకటి వచ్చాయి. అది చూసి ఆ అమ్మాయి నవ్వింది, సూది వేళాకోళం చేస్తోందనుకుని. తరవాత ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు.

ఆస్పత్రిలో ఐదు వారాలు పట్టింది. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాట తిరిగొచ్చింది గాని నీళ్ళు సరిగా రాని కుళాయిలా ఒక్కొక్క చుక్కే. బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. అదే మరీ నరకం. పది మాటల్లో ఎదటివాణ్ణి కడిగేసే మనిషి ఒక్క మాట కోసం అరనిమిషం వెతుక్కునేది.

ఇంటికి తెచ్చాక మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్‌రూముకి మార్చడమెలాగో ఒక డాక్టరమ్మ వచ్చి నేర్పింది. ఎదురుగా మోకాళ్ళు వంచి నిలబడాలి. ఆవిడ తల మన భుజం మీద పెట్టించాలి. చంకల కిందనుంచి చేతులు పోనిచ్చి వీపు దగ్గర గట్టిగా పట్టుకోవాలి. లేపాలి, తిప్పాలి, కూర్చోబెట్టాలి.

"అమ్మా, మీరు చెయ్యాల్సింది ఒకటే, మీ బరువు మొత్తం వాళ్ళకి ఇచ్చెయ్యండి. భయపడి సగం దాచుకున్నారా, ఇద్దరూ పడతారు" అని చెప్పింది డాక్టరమ్మ.

పగలు చూసుకోడానికి ఒక నర్సుని పెట్టారు. రెండో రోజే ఆ నర్సు చేతుల్లోంచి జారి సూది బాత్‌రూము గడప మీద పడింది. నుదురు చిట్లింది. దెబ్బ వారంలో మానిపోయింది, భయం మానలేదు. అప్పట్నించీ ఎవరు చెయ్యి వేసినా ఒళ్ళంతా కర్రలా బిగదీసుకునేది. నర్సు వల్ల కాలేదు. పగలంతా పక్కన కూర్చునే సొంత అక్క వల్ల కూడా కాలేదు. నత్త వస్తేనే ఒళ్ళు వదిలేది. అతను ఎదురుగా వంగగానే కళ్ళు మూసుకుని, గడ్డం అతని భుజం మీద పెట్టి, మొత్తం మనిషి వాలిపోయేది. అందుకని అతను రోజూ మధ్యాహ్నం సైకిలేసుకుని ఇంటికి వచ్చేవాడు. పావుగంట ఆలస్యమైతే ఆవిడ పళ్ళు బిగబట్టుకుని ఆగేది గాని ఇంకొకరిని పట్టుకోనిచ్చేది కాదు. లోకంలో ఆవిడ వాలడానికి మిగిలింది ఆ ఒక్క భుజం. ఆ సంగతి నత్తకి తెలుసు. తెలియక చేశాడని ఎవరూ అనడానికి లేదు.

స్టూడియోలో పని మాత్రం ముందుకి కదల్లేదు. చచ్చినాయన చావడం లేదు.

నత్త తన పద్ధతిలో తను చేశాడు. ఈ పనివాళ్ళందరికీ ఒక అలవాటుంది. బొమ్మ చేత ఏం చేయించాలన్నా ముందు తాము చేసి, ఫోన్‌లో తీసుకుని, ఆ వీడియోని ముక్కముక్కలుగా ఆపి చూసుకుంటూ బొమ్మని కదుపుతారు. నత్త వరసలో నిలబడ్డాడు, చచ్చాడు, పక్కబల్లవాళ్ళ చేత తోయించుకున్నాడు. ముప్ఫైసార్లు చచ్చినా అది నటనలాగే ఉంది. దాన్ని చూసి తీసిన ముక్క చూపిస్తే డైరెక్టరు గడ్డం గోక్కున్నాడు.

"ఈయన నిద్రపోతున్నాడు సార్."

మళ్ళీ తీశాడు. "ఇప్పుడు తాగున్నాడు."

మూడోసారి తీశాక డైరెక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "ఇంట్లో పరిస్థితి నాకు తెలుసు సార్. మీకు భారమనుకుంటే ఈ షాటు పక్కబల్లకి ఇస్తాను, తప్పుగా అనుకోకండి" అన్నాడు.

తిట్టి ఉంటే నత్త తట్టుకునేవాడు. జాలిపడ్డాడు. ముప్ఫై ఏళ్ళలో అతని బల్ల మీంచి ఒక్క బొమ్మ కూడా పక్కబల్లకి పోలేదు. "నెల రోజులు ఇవ్వండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి సూదిని లేపుతున్నప్పుడు అది జరిగింది. ఆవిడ ఎప్పటిలాగే వాలింది. ముందు నడుము విరిగినట్టు వచ్చింది, దాని వెనక ఛాతీ, తల మాత్రం ఒక క్షణం ఆగి, అప్పుడు బొటుక్కున భుజం మీద పడింది. ఆ తరవాత ఇంకో క్షణానికి, అందరూ వెళ్ళిపోయాక గుర్తొచ్చినట్టు, కుడిచెయ్యి వచ్చి అతని తుంటికి తగిలి ఊగింది. నత్త ఆవిడని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మూడు నెలలుగా వెతుకుతున్నది తన చేతుల్లో ఉంది. తనని తను మోసుకోవడం పూర్తిగా మానేసిన ఒళ్ళు ఎలా ఉంటుందో అలా ఉంది. చచ్చినవాళ్ళు అలా వాలతారు. లేకపోతే ఎదటి మనిషిని అంతగా నమ్మినవాళ్ళు వాలతారు.

మర్నాడు మధ్యాహ్నం అలమారలో మందుసీసాల వెనక ఫోన్ పెట్టాడు.

అతన్ని నాలుగు తిట్టాలంటే ఇక్కడే తిట్టాలి. అడిగి ఉండొచ్చు. ఆవిడేం పరాయి మనిషా, ఆ పనిలో పుట్టి పెరిగినట్టే కదా, "తీసుకో, తీసుకుని తగలడు" అనేదేమో. అడగలేదు. ఎందుకు అడగలేదో కూడా అతనికి స్పష్టంగా తెలుసు. అడిగితే ఆవిడకి తెలుస్తుంది. తెలిసి వాలితే అది వాలడం కాదు, నటన. నటన అతని దగ్గర ముప్ఫై వీడియోల నిండా ఉంది. తెలియకుండా వాలడమే కావాలి. మిగతా మగవాళ్ళెవరికీ తట్టని ఇలాంటి లెక్క అతనికి తట్టింది, ఆ వృత్తిలో అంత పండిపోయాడు మరి.

పదకొండు రోజులు తీశాడు. ఒక్కోరోజు ఒకసారి చాలక, "సరిగా కూర్చోలేదు, ఉండు" అని మళ్ళీ లేపేవాడు. అలమారకి అడ్డం రాకుండా తను పక్కకి జరిగి, ఆవిడ వీపు వెలుతురువైపు తిప్పేవాడు. చెయ్యి ఎంతసేపటికి ఊగడం ఆపుతుందో చూడాలని, కూర్చోబెట్టకుండా కాసేపు అలాగే పట్టుకుని ఉండేవాడు.

సూది దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. ఈ మనిషి పొద్దున్నించీ బల్ల దగ్గర నిలబడి, ఎండలో సైకిలు తొక్కుకుని వచ్చి, అలిసిపోయి, తనని పట్టుకుని కాస్త సేద తీరుతున్నాడనుకుంది. జబ్బు పడ్డాక తనంటే ప్రేమ పెరిగిందని కూడా అనుకుని ఉంటుంది, ఆ వయసులో ఆ మాట పైకి ఎవరు చెప్పుకుంటారు. తొమ్మిదో రోజు అలా పట్టుకుని ఉండగా, ఆవిడ బాగున్న ఎడమచేతిని మెల్లగా పైకి తెచ్చి, అతని వీపు మీద రెండుసార్లు తట్టింది. ఏం ఫర్వాలేదులే అన్నట్టు.

నత్త గుండె కలుక్కుమంది. అది నిజమే. ఆ రాత్రి ఆవిడ పాదాలు ఒత్తుతూ ఏడ్చాడు, అదీ నిజమే. మర్నాడు బల్ల దగ్గర కూర్చుని ఆ తట్టడాన్ని ఒక్కొక్క ముక్కే ఆపి చూసి, చచ్చినాయన చేతికి ఎక్కించాడు. వెనకవాళ్ళు ఒక్క తోపు తోయగానే చచ్చినాయన ముందున్నవాడి మీద వాలిపోతాడు. తల ఆగి ఆగి బొటుక్కున భుజం మీద పడుతుంది. చెయ్యి గాల్లో ఊగి వచ్చి, ముందున్నవాడి వీపు మీద రెండుసార్లు తడుతుంది, ఏం ఫర్వాలేదులే అన్నట్టు. ముందున్నవాడు వెనక్కి తిరక్కుండానే "ఏం చేస్తాం పెద్దాయనా, మనందరి బతుకూ ఇంతే" అంటాడు.

అది చూసి డైరెక్టరు కుర్చీలో మెలికలు తిరిగిపోయాడు. చెప్పులు విప్పకుండానే గదిలోకి పరిగెత్తుకొచ్చి నత్త చేతులు పట్టుకున్నాడు. "ఈ తట్టడం నవల్లో లేదు సార్. ఎక్కడ దొరికింది మీకు?"

"అలా వచ్చేసింది" అన్నాడు నత్త.

ఏడాదికి సినిమా పూర్తయింది. పనిచేసినవాళ్ళకీ వాళ్ళ ఇళ్ళవాళ్ళకీ ఒక పొద్దుటి ఆట వేశారు. సూది వస్తానంది. థియేటరుకి మెట్లున్నాయన్నాడు నత్త. "ఉంటే... ఉన్నాయి" అంది. లోపల చలిగా ఉంటుందన్నాడు. "దుప్పటి" అంది. ఇంకేం చెప్పినా అనుమానం వస్తుందని ఊరుకున్నాడు. మనసులో ఒక మూల, ఎలా తెలుస్తుందిలే, ముఖం ముసలాయనది, కోటు ముసలాయనది, ఎవరి ఒళ్ళు వాళ్ళు బయటినుంచి ఎప్పుడు చూసుకున్నారు గనక అనుకున్నాడు. జీవితమంతా ఒళ్ళు ఎలా కదులుతుందో చూసి బట్టలు కుట్టిన మనిషి గురించి అనుకోవాల్సిన మాట కాదది.

సీట్ల వరస చివర, నడిచే దారిలో ఆవిడ చక్రాల కుర్చీ ఆపారు. అటుపక్క అక్క, ఇటుపక్క నత్త. లైట్లు ఆరాయి. తన కోట్లూ చొక్కాలూ వచ్చినప్పుడల్లా సూది వేలు చూపించి అక్కకి "నాది" అంటోంది. ఆఫీసు వచ్చింది. వరస వచ్చింది. ముసలాయన పోయాడు. తోశారు. వాలాడు.

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. తల పడగానే ఇంకో విడత నవ్వు, చెయ్యి వెనకబడి వచ్చి ఊగగానే ఇంకో విడత. తట్టడం దగ్గర ఎవరో ఈల వేశారు. వదినగారు దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, పొట్ట పట్టుకుని, "అయ్యో పాపం ముసలాడు, ఎలా పడ్డాడో చూడవే" అని చెల్లెలి మోచెయ్యి పొడిచింది.

సూది చూస్తోంది. నవ్వలేదు, ఏడవలేదు. ఎడమచెయ్యి ఒళ్ళో ఉన్నది ఉన్నట్టుగా ఉంది. తెర మీద చచ్చినాయన్ని రెండోసారి తోసి రెండోసారి వాల్చినప్పుడు, ఆవిడ ఆ చేతిని తీసి దుప్పటి కింద దాచుకుంది. నత్త అది చూశాడు. చూసి తెరవైపు తిరిగాడు.

బయటికి వచ్చాక డైరెక్టరు కుర్చీ ముందు వంగి, "అమ్మా, మీ కోటూ, సార్ చేతులూ లేకపోతే ఆ షాటు లేదు. ఎలా ఉంది?" అన్నాడు.

సూది కాసేపు మాట కోసం వెతుక్కుంది. "సరిగ్గా... ఉంది" అంది.

గండం గడిచిందనుకున్నాడు నత్త. అంత తెలివైనవాడు.

మర్నాడు పొద్దున మంచం దగ్గరికి వెళ్ళి, ఎప్పటిలాగే మోకాళ్ళు వంచి, చేతులు చాపాడు. సూది వాలలేదు. లేపబోతే ఒళ్ళంతా కర్రయింది. ఎడమచెయ్యి అతని ఛాతీకి అడ్డం పెట్టింది.

"ఎన్ని రోజులు?" అంది.

అబద్ధం ఆడదామనుకున్నాడు, నోరు రాలేదు. "పదకొండు."

"ఫోన్‌లోనా?"

"ఊఁ."

ఆవిడ కళ్ళు మూసుకుని మాటలు పేర్చుకుంది. అతను నేల మీద చతికిలబడ్డాడు. "ఎవరికీ తెలీదు. నువ్వని ఒక్కళ్ళకి కూడా తెలీదు. నవ్వింది ముసలాయన్ని చూసి, నిన్ను చూసి కాదు" అన్నాడు.

"నేను... తట్టింది" అంది సూది. ఊపిరి తీసుకుంది. "నిన్ను."

"తప్పయిపోయింది" అన్నాడు. ఆ మాట అతనికే చచ్చుగా వినపడింది.

"అక్కని పిలు."

"ఆవిడ ఎత్తలేదు, నీకు తెలుసుగా. పడతావు. నన్ను లేపనీ, తరవాత తిడుదువుగాని."

"పిలు."

వదినగారు వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా సూది పళ్ళు బిగబట్టుకుని మంచం మీద కూర్చుంది, అతను చూస్తుండగానే. వదినగారు చెప్పులు విడుస్తూనే ఏమైందని అడిగింది. ఇద్దరూ చెరోవైపు చూశారు. మొగుడూపెళ్ళాల గొడవేదో అనుకుని ఆవిడ మళ్ళీ అడగలేదు.

"అక్కకి... నేర్పు" అంది సూది మొగుడితో.

"నా వల్ల ఎక్కడవుతుందే? నిన్ను పడేస్తే?" అంది వదినగారు. తరవాత ఆలోచించి, మొహమాటపడుతూనే, "మరిదిగారూ, ముందు మీ మీద చూస్తాను. మీరు ఆ కుర్చీలో కూర్చుని రోగిలా ఉండండి. పడినా మీకేం కాదు" అంది.

ఏం చేస్తాడు, కూర్చున్నాడు. మోకాళ్ళు ఎలా వంచాలో, చేతులు ఎటునుంచి పోనివ్వాలో చెప్పాడు. ఆవిడ చెప్పినట్టే చేసింది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, బలానికి లోటు లేదు. లేపింది. అతను లేచాడు.

"మీరే లేస్తున్నారు" అంది వదినగారు. "బరువు వదలండి."

"వదిలాను."

"ఎక్కడండీ. బిగదీసుకున్నారు. తల ఆనించండి."

తల ఆనించాడు. మెడ అతని మాట వినలేదు, భుజానికి వేలెడు ఎడంగా ఆగిపోయింది. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేపింది. పదకొండు రోజులు ఒక్కొక్క ముక్కే ఆపి చూసిన మనిషి, ఏది ముందు పడాలో ఏది వెనక పడాలో అంత తెలిసిన మనిషి. నడుము వదిలితే కాళ్ళు బిగుసుకున్నాయి, కాళ్ళు వదులుదామంటే ఆవిడ పట్టు జారుతుందేమోనని చేతులు వెళ్ళి కుర్చీని పట్టుకున్నాయి. మూడోసారికి వదినగారికి చెమటలు పట్టాయి, నవ్వు కూడా వచ్చింది. "మీకంటే దుంగ నయం మరిదిగారూ" అంది.

మంచం మీద సూది నవ్వలేదు. మూడుసార్లూ చూసింది.

"చాలక్కా" అంది. "ఆయనకి... రాదు. నా దగ్గరికి రా."

వదినగారు చేతులు చీరకి తుడుచుకుని వెళ్ళి చెల్లెలి ముందు వంగింది. చేతులు సరిగా పెట్టలేదు, ఎడమచెయ్యి మరీ పైకి పోయింది. నత్తకి అది ఇక్కణ్ణించే కనిపిస్తోంది. "వదినగారూ, చెయ్యి..." అంటూ ఒక అడుగు వేశాడు.

"నువ్వు... చూడకు" అంది సూది.

అతను ఆగాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వెనకాల వదినగారు ఊపిరి బిగబట్టడం, మంచం కిర్రుమనడం, ఇద్దరు ఆడవాళ్ళు తూలి నిలదొక్కుకోవడం వినిపించింది. సూది నొప్పికి ఒకసారి మూలిగింది. "వాలవే, ఫర్వాలేదు, నేనున్నాగా" అంది వదినగారు. ఆ తరవాత కాసేపు చప్పుడేమీ లేదు. చెల్లెలు వాలిందో, భయంతో బిగుసుకుందో, తిరిగి చూస్తే తెలిసిపోయేది. అతను తిరగలేదు. బాత్‌రూము తలుపు మూసుకునేదాకా అలాగే గోడని చూస్తూ నిలబడ్డాడు.